కాలనీ ఎగ్జిబిషన్‌లో సోలార్, గోబర్ గ్యాస్ స్టాల్ పెడుతున్నాం, జనం ఆగి చూడాలంటే ఏం పెట్టాలి?

హన్మకొండ_టీచర్:

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక వచ్చే శని, ఆదివారాల్లో మా చుట్టుపక్కల నాలుగు కాలనీలు కలిసి గ్రౌండులో చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నాయి. కొత్తవాడ దర్రీలు, నర్సరీ మొక్కలు, సకినాలు, సర్వపిండి, పిల్లల ఆటలు అన్నీ ఉంటాయి. సోలార్, గోబర్ గ్యాస్, చెత్తతో ఎరువు, కరెంటు పొదుపు, వీటన్నిటికీ కలిపి ఒక టెంటు మాకిచ్చారు. చేతిలో 25 వేలు ఉన్నాయి, ఆరు వారాల టైమ్ ఉంది, ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఓ పదిహేను మంది పిల్లలు పని చేయడానికి సిద్ధంగా ఉన్నారు.

పోయినసారి కూడా పెట్టాం. పిల్లలు రాత్రిళ్లు కూర్చుని థర్మాకోల్‌తో గాలిమరలు, సోలార్ ఇళ్లు చేశారు, చుట్టూ చార్టులు అంటించారు. జనం వచ్చారు, బాగుందన్నారు, ఫొటో దిగి బజ్జీల స్టాల్‌కి వెళ్లిపోయారు. ఒక్కరు కూడా ఐదు నిమిషాలు నిలబడలేదు. అదీగాక ఒక సోలార్ కంపెనీ వాళ్లకు పక్కన టేబుల్ ఇచ్చాం, వాళ్లు వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుని నెల రోజులు అందరికీ ఫోన్లు చేశారు. మా వీధిలో ఒకాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తి నన్ను అడుగుతారు. అందుకే ఈసారి అమ్మేవాళ్లను రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాం.

నా ప్రశ్నలు రెండే. జనం చేతితో ముట్టుకుని, తమ ఇంటికి సంబంధించింది అనుకునేలా ఏం పెట్టాలి? ఇంకొకటి, పోయినసారి కనీసం ఇరవై మంది అడిగారు, "మాకు 200 యూనిట్ల వరకు ఫ్రీ కదమ్మా, మాకెందుకు ఇవన్నీ?" అని. దానికి నా దగ్గర నిజంగా జవాబు లేకపోయింది. ఈసారి ఉండాలి.

రిటైర్డ్_ఏఈ_కాజీపేట:

అమ్మా, నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ముప్ఫై ఏళ్లు పైగా చేసి రిటైర్ అయ్యాను. మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు కూడా అందులోనే ఉంది.

గృహజ్యోతిలో, అంటే మన రాష్ట్ర ప్రభుత్వం ఇళ్లకు ఇచ్చే ఫ్రీ కరెంటు పథకంలో, 200 యూనిట్ల లోపు వాడితేనే బిల్లు సున్నా. 201 అయిందంటే ఆ పై ఒక్క యూనిట్‌కి కాదు, ఆ నెల మొత్తానికీ బిల్లు కట్టాలి. 210 యూనిట్లు కాలితే వెయ్యి రూపాయల పైనే వస్తుంది. చలికాలంలో 120 వాడే ఇల్లే ఏప్రిల్, మే నెలల్లో కూలర్ పెట్టగానే గీత దాటుతుంది. కాబట్టి ఆ అడిగినవాళ్లతో వాదించకండి. "ఎండాకాలంలో మీకు ఎన్ని యూనిట్లు వచ్చాయి?" అని అడగండి. చాలామంది ఫోన్‌లో పాత బిల్లు తీసి చూపిస్తారు. అక్కడి నుంచి మాట దానంతట అదే నడుస్తుంది.

ఇక ఏం పెట్టాలంటే, ప్లగ్గుకు తగిలించే వాట్ మీటర్ ఒకటి కొనండి, వెయ్యి రూపాయలకు అటు ఇటుగా దొరుకుతుంది. ఒక స్టాండుకు పాత సీలింగ్ ఫ్యాన్, ఇంకో స్టాండుకు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించండి. రెండూ ఒకే స్పీడులో తిరుగుతుంటే మీటర్‌లో ఒకటి 75 వాట్లు, ఇంకొకటి 30 వాట్లు చూపిస్తుంది. అంత చిన్న తేడానా అంటారు. అప్పుడు లెక్క చెప్పాలి. ఎండాకాలంలో ఒక ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరుగుతుందనుకుంటే, నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్లు మిగులుతాయి, మూడు ఫ్యాన్లకు 60. సరిగ్గా ఆ 60 యూనిట్లే చాలా ఇళ్లను 200 గీత దాటిస్తున్నాయి.

కానీ ఒక మాట దాచకండి. ఏడాది పొడుగునా 150 దాటని ఇంటికి కొత్త ఫ్యాన్ వల్ల రూపాయి కూడా మిగలదు. వాళ్లకు ఆ సంగతి అలాగే చెప్పండి, పాత ఫ్యాన్ పాడైనప్పుడు కొంటే చాలు అనండి. అలా చెబితే మిగతా విషయాలు కూడా నమ్ముతారు.

ఇంకొకటి, సెట్‌టాప్ బాక్స్ పెట్టి చూపించండి. టీవీ ఆపేశాం కదా అనుకుంటారు, కానీ రిమోట్‌తో ఆపిన బాక్స్ లోపల పని చేస్తూనే ఉంటుంది. మా ఇంట్లోది 9 వాట్లు లాగుతోంది. రాత్రింబవళ్లు కలిపి నెలకు ఆరున్నర యూనిట్లు. గోడ మీద స్విచ్ నొక్కితే పోయే ఖర్చు, ఎవరూ ఏమీ కొననక్కర్లేదు.

కరీంనగర్_సోలార్_ఫిట్టర్:

మేడమ్, నేను ఇళ్ల మీద ప్యానెళ్లు బిగించే పని చేస్తాను. అమ్మేవాళ్లను రానివ్వొద్దన్నది మంచి నిర్ణయం. నా పని ఇదే అయినా చెప్తున్నా, ఎగ్జిబిషన్‌లో మాట విని సంతకం పెట్టినవాళ్లే తర్వాత బాధపడతారు.

చిన్న ప్యానెల్ ఒకటి, దానికి నేరుగా ఒక చిన్న డీసీ ఫ్యాన్ కలిపి బయట ఎండలో పెట్టండి, మధ్యలో బ్యాటరీ వద్దు. ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఇప్పుడు పిల్లల్ని ప్యానెల్ మీద ఒక మూలన అరచెయ్యి ఆనించమనండి. కప్పింది కొంచెమే, కానీ ఫ్యాన్ దాదాపు ఆగిపోతుంది. లోపల సెల్స్ అన్నీ ఒక దారంలో పూసల్లా వరుసగా కలిపి ఉంటాయి, ఒకటి మూసుకుపోతే మిగతావాటి కరెంటుకు దారి ఉండదు. ఇంటి మీద నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎంత నష్టమో ఈ ఒక్కటి చూస్తే అర్థమవుతుంది. నేను ఎంత చెప్పినా వినని కస్టమర్లు ఇది చూసి ట్యాంకు జరిపించుకున్నారు.

రెండోది, మన దగ్గర అందరూ అనేది, "మనకు ఎండలు మస్తు కాబట్టి సోలార్ మస్తుగా వస్తది" అని. వెలుతురు కావాలి కానీ వేడి కాదు. ప్యానెల్ వేడెక్కిన కొద్దీ వోల్టేజ్ పడిపోతుంది. మేలో మన రామగుండం, కరీంనగర్ ఎండకు ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు పదో వంతు పైనే తగ్గుతుంది. వోల్టేజ్ చూపించే మల్టీమీటర్ పెట్టి, ప్యానెల్ వెనక తడిగుడ్డ అద్దండి, అంకె పెరగడం కళ్లముందే కనిపిస్తుంది. రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్‌లో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022లో పూర్తయింది కదా, నీళ్ల మీద వేస్తే భూమి ఖర్చు లేకపోవడం, నీళ్లు ఆవిరి కాకపోవడంతో పాటు ప్యానెళ్లు చల్లగా ఉండటం కూడా లాభమే. పిల్లలకు ఆ ఫొటో పక్కన పెట్టి చెప్పండి, మన పక్క ఊరి సంగతి కాబట్టి గుర్తుంటుంది.

లెక్కలు ఒక అట్ట మీద పెద్దగా రాసి పెట్టండి. ఒక కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల నీడలేని జాగా, రోజుకు సగటున 4 యూనిట్లు. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 లేదా ఆపైన ఎంత పెట్టినా 78 వేలే. సబ్సిడీ రావాలంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే ఉండాలి, బిగించేవాళ్లు రిజిస్టర్ అయి ఉండాలి, డబ్బు పని పూర్తయి నెట్ మీటర్ (లైన్ నుంచి మనం వాడింది, మనం లైన్‌కి పంపింది రెండూ లెక్కపెట్టే మీటర్) పెట్టాక మీ బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. "సబ్సిడీ మేమే కట్ చేసుకుంటాం, బాండు పేపర్ మీద సంతకం పెట్టండి" అనేవాళ్ల దగ్గర జాగ్రత్త అని కూడా రాయండి.

అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పోతే ఇంటి మీద సోలార్ కూడా ఆగిపోతుంది. బ్యాటరీ లేని నెట్ మీటర్ సిస్టమ్ అంతా ఇంతే. లైన్ మీద పని చేసే లైన్‌మన్‌కు మన ప్యానెల్ కరెంటు తగలకుండా ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తాను ఆఫ్ అవుతుంది. ఇది ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది ఫిట్టర్లతో గొడవ పెట్టుకున్నారో నాకు తెలుసు. కోతుల సంగతి కూడా చెప్పండి. మన వైపు కోతులు ప్యానెళ్ల మీద దూకుతాయి, వైర్లు పీకుతాయి, వైర్లన్నీ పైపుల్లో వేయించుకోవాలి.

రిటైర్డ్_ఏఈ_కాజీపేట:

తమ్ముడు చెప్పిన లైన్‌మన్ మాట నిజం. సొంతంగా వైర్లు మార్చి జనరేటర్, ఇన్వర్టర్ వెనక్కి కలిపిన ఇళ్ల వల్ల స్తంభం మీద ప్రమాదాలు జరిగిన రోజులు నేను చూశాను. ఆ అట్ట మీద దీన్ని మొదటి వరుసలో రాయండమ్మా.

నర్సంపేట_పొదుపుసంఘం:

టీచరక్కా, సోలార్ గురించి అన్నలు చెప్పారు. కానీ మీ ఎగ్జిబిషన్‌కి వచ్చేవాళ్లలో సగం మంది కిరాయికి ఉంటారు, వాళ్లకు ప్యానెల్ పెట్టుకోవడానికి సొంత పైకప్పే ఉండదు. వాళ్లకు ఏం చూపిస్తారు? వంటింటి నుంచి మొదలుపెట్టండి.

ముందుగా మీ గ్రౌండ్ సంగతే చూసుకోండి. మీ టెంటులో పర్యావరణం గురించి చెప్తుంటే పక్కనే బజ్జీల ప్లేట్లు, టీ కప్పులు కుప్ప పడితే ఎవరూ మీ మాట పట్టించుకోరు. పేపర్ ప్లేటు కూడా పేపర్ కాదు, లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒకటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పొర ఒలిచి టేబుల్ మీద పెట్టండి, చూసినవాళ్లు నోరు వెళ్లబెడతారు. దాని పక్కన మోదుగాకు ఇస్తరాకు పెట్టండి. ములుగు, భూపాలపల్లి వైపు ఆడవాళ్లు కుట్టి అమ్ముతారు, వాళ్లకు పని దొరుకుతుంది, తిన్నాక ఇస్తరాకు పశువు తింటుంది లేదా పెంటలో కలుస్తుంది.

స్టీల్ బ్యాంకు పెట్టమని మీ కాలనీ పెద్దలను అడగండి. సిద్దిపేటలో మొదలుపెట్టి నడిపించారు కదా, ఫంక్షన్‌కి పళ్లేలు, గ్లాసులు తీసుకెళ్లి కడిగి తిరిగి ఇవ్వడం. మా సంఘంలో మేము 200 పళ్లేలతో మొదలుపెట్టాం. కడిగేవాళ్లు ఎవరు అన్న దగ్గరే గొడవ వస్తుంది, అది నిజం. అందుకని కడగడానికి ఇద్దరికి కూలి కలిపే కిరాయి పెట్టాం, అప్పటి నుంచి నడుస్తోంది. మీ రెండు రోజుల ఎగ్జిబిషన్‌లో ఫుడ్ స్టాళ్లన్నిటికీ ఒకే చోట కడిగే ఏర్పాటు పెడితే అదే అన్నిటికంటే పెద్ద స్టాల్ అవుతుంది.

ఎరువు గురించి అయితే మూడు కుండలు చాలు. ఒకదాంట్లో నిన్నటి కూరగాయ తొక్కలు ఎండాకులతో, ఇంకోదాంట్లో నెల రోజులది, మూడోదాంట్లో పూర్తయిన ఎరువు. మూడోది చేతిలోకి తీసుకుని వాసన చూడమనండి. వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తుందన్న భయంతోనే జనం చేయడం లేదు, ఆ భయం ముక్కుతోనే పోవాలి. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని, ఎండాకులు వేయమని చెప్పండి. ఎరువు తయారవడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి మూడో కుండ ఎవరి దగ్గరన్నా ఇప్పుడే అడిగి తెచ్చుకోండి.

పరకాల_రైతుబిడ్డ:

అక్కా, గోబర్ గ్యాస్ మోడల్ థర్మాకోల్‌తో మాత్రం చేయొద్దు. నిజం గ్యాస్ చేసి చూపించండి, కానీ ఈ వారంలోనే మొదలుపెట్టాలి.

20 లీటర్ల నీళ్ల క్యాన్ తీసుకుని తాజా పేడ, నీళ్లు సమానంగా కలిపి ముప్పావు వంతు నింపండి. మూతకు పైపు బిగించి ఆ పైపును సైకిల్ ట్యూబ్‌కి కలపండి. ఎండ తగిలే చోట పెట్టండి, నల్లరంగు వేస్తే ఇంకా మంచిది. చలికాలం కదా, గ్యాస్ నెమ్మదిగా వస్తుంది, మూడు వారాలు పైనే పట్టొచ్చు. ట్యూబ్ మొదట ఉబ్బినప్పుడు సంతోషపడి వెలిగించి చూస్తారు, వెలగదు. మొదట వచ్చేది ఎక్కువగా బొగ్గుపులుసు గాలి, దాన్ని వదిలేయాలి. రెండోసారి నిండిందే మండుతుంది. కొందరు వంటింటి తొక్కలతోనే మొదలుపెడతారు, అది పులిసిపోయి గ్యాస్ రాదు. పేడతో మొదలైతే తర్వాత తొక్కలు కొంచెం కొంచెంగా కలపొచ్చు. ఒక్క విషయం, క్యాన్ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు. ట్యూబ్ విడదీసి, దూరంగా బయట, పెద్దవాళ్లే వెలిగించాలి.

మా ఇంట్లో నాన్న 1990ల్లో గోబర్ గ్యాస్ కట్టించారు, 2 ఘనమీటర్లది. అమ్మ దాని మీదే పదేళ్లకు పైగా వండింది. దానికి రోజూ 50 కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు. ట్రాక్టర్ వచ్చాక ఎడ్లు అమ్మేశాం, బర్రె ఒక్కటే మిగిలింది, పేడ చాలక పైన గట్టిగా తెట్టు కట్టి అది ఆగిపోయింది. ఇప్పుడు ఆ గుంత పూడ్చేశాం. మీ స్టాల్ చూసి ఊళ్లో ఉన్న అన్నదమ్ముడికి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు, వాళ్లకు ముందు పశువులు ఎన్ని అని అడగమనండి. రెండు బర్రెలు ఉన్నవాళ్లకు ఒక ఘనమీటర్‌ది చాలు, అంతకంటే పెద్దది కట్టొద్దు. ఇంకొకటి, బయటికి వచ్చే స్లర్రీ (గ్యాస్ పోయాక మిగిలే పేడ నీళ్లు) గ్యాస్ కంటే విలువైనది. మా అమ్మ వంకాయ, మిరప మళ్లకు అదే పోసేది, యూరియా వేయలేదు.

ఇది వరంగల్ కాబట్టి పత్తి కట్టె గురించి తప్పకుండా పెట్టండి. ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే పత్తి అంతా అందరికీ కనిపిస్తుంది, చేలో మిగిలే కట్టె ఎవరికీ కనిపించదు. సంక్రాంతి దాటాక మా వైపు రాత్రిళ్లు చేలల్లో మంటలే. కాల్చడం తప్పని రైతుకు తెలియక కాదు, గులాబీ పురుగు కట్టెలో, విచ్చని కాయల్లో దాక్కుంటుంది కాబట్టి వచ్చే పంట లోపు దాన్ని తీసేయాల్సిందే, కూలి ఖర్చు చూస్తే అగ్గిపుల్ల తక్కువ. ట్రాక్టర్‌కి తగిలించే ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి భూమిలో కలపొచ్చు, లేదా గుంతలో గాలి తక్కువగా తగిలేలా కాల్చి బొగ్గు చేసి పేడతో కలిపి చేలో వేయొచ్చు. ఒక కట్టె మోపు, ముక్కలు, బొగ్గు, మూడూ పక్కపక్కన పెడితే చాలు. దయచేసి రైతును తిట్టే చార్టు మాత్రం అంటించొద్దు.

హాస్టల్_ఇంజినీరింగ్:

మేడమ్ నమస్తే, నేను వరంగల్‌లోనే బీటెక్ చదువుతున్నాను. పాత సైకిల్ ఒకటి ఇప్పించండి, మేము ముగ్గురం కలిసి మీకు కరెంటు సైకిల్ చేసి ఇస్తాం. వెనక చక్రం నుంచి బెల్టుతో పాత ఎలక్ట్రిక్ స్కూటర్ డీసీ మోటార్‌ను తిప్పితే చాలు, అది జనరేటర్‌లా పని చేస్తుంది. ఒక స్విచ్ ఎల్‌ఈడీకి, ఇంకో స్విచ్ కారు హెడ్‌లైట్ బల్బుకి. ఎల్‌ఈడీకి పెడల్ గాలిలో తొక్కినట్టు ఉంటుంది. హెడ్‌లైట్ 55 వాట్లది, స్విచ్ వేయగానే కాళ్ల కింద ఎవరో పట్టుకుని ఆపినట్టు బరువు తెలుస్తుంది. మధ్యలో బ్యాటరీ పెట్టకూడదు, పెడితే ఆ బరువు తెలియదు.

50 వాట్ల లెక్కన ఒక యూనిట్ తయారు చేయాలంటే 20 గంటలు తొక్కాలి. ఈ మాట సైకిల్ దిగి రొప్పుతున్న మనిషికే చెప్పాలి. అప్పుడు యూనిట్ అంటే ఏంటో ఒంటికి తెలుస్తుంది.

ములుగు_చెరువుకట్ట:

అందరూ కరెంటు గురించే చెప్పారు, నేను కరెంటు అక్కర్లేని దాని గురించి చెప్తాను. 5 హెచ్‌పీ మోటార్ గంట నడిస్తే దాదాపు 4 యూనిట్లు. అదే పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద తూము ఎత్తితే నీళ్లు వాలు మీద వాటంతట అవే పొలానికి పోతాయి. కాకతీయుల కాలంలో కట్టినవి, ఎనిమిది వందల ఏళ్లుగా ఒక్క యూనిట్ కాలకుండా పంట పండిస్తున్నాయి. పునరుత్పాదక ఇంధనం అనగానే పిల్లలు ప్యానెల్, గాలిమర గీస్తారు, చెరువు గీయరు. అది నాకు బాధగా ఉంటుంది.

మూడు రేకు ట్రేలు మెట్లలా పెట్టి, మట్టితో కట్టలు, మత్తళ్లు చేయించండి. పై చెరువు నిండి మత్తడి పోస్తే కింది చెరువులోకి, అది నిండితే ఇంకో దాంట్లోకి. గొలుసుకట్టు అంటే అదే. పిల్లలు చెంబుతో నీళ్లు పోస్తూ గంటలు ఆడతారు. మధ్య చెరువును ఒక ఇటుకతో సగం పూడ్చి, ఇల్లు అని రాసి, అప్పుడు నీళ్లు పోయమనండి. ఎక్కడ పొంగుతుందో చూస్తారు. 2020 ఆగస్టులో మీ హన్మకొండ కాలనీలు మునిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

హన్మకొండ_టీచర్:

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మొన్న రాత్రి పిల్లలను కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించాను, రెండు రోజులుగా అదే మాట్లాడుకుంటున్నాం.

అన్నీ ఒక టెంటులో పట్టవు. గుమ్మం దగ్గర సైకిల్, దాని పక్కనే ఏఈ గారు చెప్పిన ఫ్యాన్లు, మీటర్ టేబుల్. "మీ మే నెల బిల్లు తెచ్చుకోండి" అని కాలనీ గ్రూపులో ఇప్పటి నుంచే పెడుతున్నాం. బయట ఎండలో ప్యానెల్, మూడు ట్రేల చెరువులు. ఫిట్టర్ తమ్ముడు చెప్పినవన్నీ అట్ట మీద రాయిస్తాను, కానీ చెప్పడానికి అమ్మేవాళ్లు కాకుండా మా కాలనీలో ఇప్పటికే ప్యానెళ్లు పెట్టుకున్న రెండు ఇళ్లవాళ్లను కూర్చోబెడుతున్నాం. ఒకాయన చాలా సంతోషంగా ఉన్నారు, ఇంకొకావిడకు కరెంటు పోతే సోలార్ ఆగుతుందని ఎవరూ చెప్పలేదట, ఆ కోపం ఇంకా ఉంది. ఇద్దరినీ రమ్మన్నాను. వాళ్ల బిల్లులు వాళ్లే చూపిస్తారు.

పళ్లేలు కడిగే ఏర్పాటు గురించి కమిటీలో అడిగితే ముందు కుదరదన్నారు. కూలి మా 25 వేలలోంచి ఇస్తామని చెప్పాక ఒప్పుకున్నారు. చార్టులకు, థర్మాకోల్‌కు పోయే డబ్బు అటు పోతుంది. నర్సంపేట చెల్లెకు ఒక చిన్న ప్రశ్న, మీరు స్టీలు సామాను కడగడానికి నీళ్లు ఎంత పడుతున్నాయో ఎప్పుడైనా చూశారా? మా దగ్గర నల్లా రోజూ రాదు.

పరకాల తమ్ముడూ, కాజీపేట దగ్గర ఒక డెయిరీ నుంచి బకెట్టు పేడ తెచ్చి నిన్న సాయంత్రం క్యాన్ నింపాం. వాసన వస్తుందని కింది పోర్షన్‌ వాళ్లు అంటే డాబా మీదకు ఎక్కించాం. ట్యూబ్ ఇంకా చప్పగానే ఉంది.

నర్సంపేట_పొదుపుసంఘం:

అక్కా, మూడు టబ్బుల్లో కడుగుతాం. మొదటిదాంట్లో బూడిద, కుంకుడు నీళ్లతో తోమడం, రెండోది, మూడోది ముంచి తీయడం. మూడో టబ్బు నీళ్లు మురికైతే రెండో దాంట్లోకి మారుస్తాం. నల్లా కింద పెట్టి కడిగే దానికంటే చాలా తక్కువ పడతాయి. తిన్నవాళ్లే మెతుకులు బకెట్లో దులిపి పళ్లెం ఇవ్వాలని బోర్డు పెట్టండి, అందులోనే సగం నీళ్లు మిగులుతాయి.

పరకాల_రైతుబిడ్డ:

డాబా మీద పెట్టడం మంచిదే అక్కా, ఎండ బాగా తగులుతుంది. రాత్రి చలికి గోనెసంచి కప్పండి. వారం దాకా ట్యూబ్ చప్పగానే ఉంటుంది, మూత తీసి చూడొద్దు.